జేఠమల్ గోడమీది పెళ్లిపిలుపు

జైసల్మేరు కోటలో నోరున్నవాళ్లంతా కథలు చెబుతారు. అక్షరం కల్పించకుండా చెప్పేవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. కావాలంటే గైడు జేఠమల్ వ్యాస్ సంగతి వినండి.

ఆ రోజు జేఠమల్ పంతం పట్టి మరీ నిద్రలేచాడు. మధ్యాహ్నం ఫలోదీ నుంచి ఆసకరణ్ పురోహిత్ సంబంధం మాట్లాడడానికి వస్తున్నాడు. రెండో కొడుకు మేఘరాజ్‌కి ముప్పై రెండేళ్లు. ఇప్పటికే నలుగురు పిల్లనిస్తామని వచ్చి, సందులోకి కారు రాదని, ఆవు అడ్డం నిలబడితే మనిషైనా రాలేడని తిరుగుముఖం పట్టారు.

"కోటకి తొంభైతొమ్మిది బురుజులు. ఇదీ తప్పిపోతే మనవాడు నూరోదై నిలబడతాడు," అంది భార్య గవరీ.

"నేనుండగానా!" అన్నాడు జేఠమల్.

కోటలో పెళ్లిపిలుపు గోడకే రాస్తారు. వాకిలి పక్కన వినాయకుడు, కింద వధూవరుల పేర్లు, తిథి. ఇంట్లో మరో పెళ్లి జరిగేదాకా అది అలాగే ఉంటుంది. పెద్దకొడుకు పెళ్లినాటి రాత ఎండకి వెలిసిపోయి, వినాయకుడికి తొండం పోయింది. పేర్లూ, సంవత్సరమూ రాలిపోయాయి. వచ్చేవాడికి గోడ కళకళలాడాలని జేఠమల్ కుంచె పట్టాడు. వినాయకుడికి ఎర్రరంగు దండిగా పూశాడు. కింద మసగ్గా మిగిలిన పాత తిథి మీద 'మాఘ శుద్ధ పంచమి' అని దిద్దాడు. అంతటితో డబ్బా ఖాళీ. పేర్ల సంగతి తర్వాత చూద్దామని, కోట ద్వారం దగ్గర కాచుకున్న టూరిస్టుల కోసం పరుగెత్తాడు.

ఎనిమిది వందల ఏళ్లనాడు రావల్ జైసల్ కట్టించిన కోట, ఒంటెల బిడారుల సుంకంతో లేచిన మేడలు అంటూ ఆయన అక్కడ ఊదరగొడుతుంటే, ఇక్కడ పక్కింటి కంకూ గోడ చూసింది. పంచమికి ఇంక తొమ్మిది రోజులే.

"మా పిల్లి ఈనితే కూడా నీకు కబురు చెప్పాను గదా వదినా! కొడుకు పెళ్లి దాస్తావా?" అంటూ గవరీ మీద విరుచుకుపడింది.

"పెళ్లేమిటి తల్లీ!"

"గోడ అబద్ధమాడుతుందా?"

గంటలో వీధంతా వాకిట్లో ఉంది. తరతరాలుగా ఆ ఇంటి శుభకార్యాలకి పాడే మాంగణియార్లు డోలక్‌తో దిగి వంశావళి అందుకున్నారు. ఆ మోత విని, ఇంకో గైడు తన టూరిస్టులని వెంటబెట్టుకొచ్చి, "కోటలో అసలైన పెళ్లి, చూసుకోండి!" అన్నాడు. ఎవరో ఆ ఊరి ఘోటువా లడ్డూలు పంచారు. జేఠమల్ ఇల్లు చేరేసరికి తన గుమ్మంలోకి తనకే దారి లేదు.

సరిగ్గా అప్పుడే ఆసకరణ్ వచ్చాడు. గోడ చదివాడు. కళ్లెర్రజేశాడు.

"వ్యాస్‌గారూ! నన్ను రమ్మని పిలిచి, ఇంకొకరితో ముహూర్తం పెట్టుకున్నారా?"

"అబ్బే, అది ఆరేళ్లనాటిదండీ!"

ఆసకరణ్ గోడమీద బొటనవేలు ఆనించి, ఎర్రబడ్డ వేలు ఎత్తి చూపించాడు. "ఆరేళ్లనుంచీ ఆరలేదా?"

జేఠమల్ ఏదో చెప్పబోతే డోలక్ మింగేసింది. ఆసకరణ్ విసవిసా దిగిపోయాడు. ఐదోవాడూ చేజారితే ఇక ఆరోవాడు రాడు. జేఠమల్ ఒంటికాలి చెప్పుతోనే వెంటపడ్డాడు. ఒక ద్వారం దాటాడు, రెండోదీ దాటాడు. మూడోదాని దగ్గర ఆసకరణే గిరుక్కున వెనక్కి తిరిగాడు.

"నిజం చెప్పండి. వాళ్లలో మాకు లేనిదేం చూశారు?"

"ఎవరిలో?"

"తెలియనట్టు! మా అమ్మాయి సుగనా మీవాడి ఫొటో చూసి ఔనంది. కారు రాదు, మెట్లు అని నేనే నసుగుతున్నాను. ఇవాళ వద్దని చెప్పిపోదామనే వచ్చాను. తీరా చూస్తే పరదేశీలు కూడా మీ వాకిట్లో బారులు తీరారు. అంత గిరాకీ ఉన్న పిల్లాణ్ణి వదులుకుంటే ఇంట్లో నాకు నీళ్లు పుడతాయా?" గొంతు తగ్గించాడు. "గోడమీద పేర్లింకా రాయలేదుగా?"

"లేదు."

"అయితే మా అమ్మాయి పేరు రాసెయ్యండి బావగారూ. ఆ పంచమికే కానిద్దాం. మా నోటికాడి ముద్ద ఎవడు లాక్కుంటాడో చూస్తాను."

సుగనా పేరు ఇవాళ్టికీ ఆ గోడమీద ఉంది. మెట్లెక్కడంలో మొగుడికంటే ఆవిడే ముందు.

ఇందులో ఒక్క ముక్క మాత్రం నా సొంతం, ఒప్పుకుంటున్నాను. జేఠమల్ ఎవరి వెంటా పరుగెత్తలేదు. అరుగు మీద కూర్చుని, ఎలాగూ తిరిగొస్తాడని ఆసకరణ్ కోసం రెండో టీ కూడా పెట్టించాడు.