ఇరవై తొమ్మిదో మాత్ర

ఇందుకూరుపేట దగ్గర రొయ్యల సాగు చేసే మాల్యాద్రి ఆ పొద్దున రెండు పనులు పెట్టుకున్నాడు. ఒకటి, గుంటలో మేత చల్లడం. రెండోది, సాయంత్రంలోగా భార్య కామమ్మ నవ్వకపోతే ఆమె మాత్రలు ఆపేయడం.

కామమ్మకు అరవై నాలుగేళ్లు. ముప్పై ఏళ్లు మైపాడులో చేపలమ్మిన మనిషి. ఆమెతో బేరమాడి నెగ్గినవాడు ఆ తీరంలో లేడు. అలాంటిది ఆరు నెలలుగా గోడవైపు తిరిగి పడుకుంటోంది. తిండి లేదు, మాట లేదు. 'వయసు మీదపడితే అంతేలే' అని ఊరంతా తేల్చేసింది. మాల్యాద్రి ఒప్పుకోక నెల్లూరు తీసుకెళ్లి చూపించాడు. ఇది వయసుతో వచ్చే నీరసం కాదు, డిప్రెషన్ అనే జబ్బు అని చెప్పి డాక్టరమ్మ రోజుకో మాత్ర రాసింది. గుణం కనబడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పట్టొచ్చనీ, తనను అడగకుండా ఆపొద్దనీ రెండుసార్లు చెప్పింది.

మాల్యాద్రి రెండుసార్లూ తలూపాడు. కానీ ఆ తల రొయ్యల రైతుది. గుంటలో మేత వేసిన రెండు గంటలకు, నీళ్లలో దించిన చెక్ ట్రే పైకి లాగితే, రొయ్యలు తిన్నాయో లేదో తెలిసిపోతుంది. అందుకే మాత్ర మింగిన రెండు గంటలకల్లా రోజూ కామమ్మ ముఖంలోకి వంగి చూసేవాడు. ఇరవై ఎనిమిది రోజులు చూశాడు. నవ్వు జాడ లేదు. ఇరవై తొమ్మిదో మాత్ర ఇచ్చేసరికి పాపం అతడికే ఏడుపొచ్చింది.

గుంటకు పోతూ పక్కింటి సుభాషిణిని పిలిచాడు. "మీ అత్త నవ్వతాదేమో రవంత చూస్తా ఉండమ్మా. సాయంత్రం దాకా చూసి మందులు ఆపేస్తా."

సుభాషిణి మనసున్న మనిషి. ఊరికే చూస్తూ కూర్చోవడం ఇష్టంలేక ఆటో గణేష్‌ను పిలిచింది. "కామమ్మత్తని యెట్టయినా నవ్వించన్నా. సాయంత్రం దాకే. ఆ పైన మందులు ఆపేస్తారంట."

మందులు ఎప్పుడు ఆపేస్తారో గణేష్‌కు తెలుసు, వాళ్ల నాయనకూ ఆఖరి రోజున అట్లాగే ఆపేశారు. బుచ్చిరెడ్డిపాలెంలో ఉన్న కామమ్మ తమ్ముడికి వెంటనే ఫోన్ చేశాడు. "ముత్యాలయ్య మామా, పెద్దమ్మకి సాయంత్రం దాకే టైమంట. బయల్దేరు."

తొమ్మిదింటికల్లా ఇల్లు నిండిపోయింది. ఒకామె ఆఖరి కోరిక మిగలకూడదని చేపల పులుసు తెచ్చింది. గణేష్ జోకు మొదలుపెట్టి, సగంలో వెక్కి వెక్కి ఏడ్చాడు. ముత్యాలయ్య ఏకంగా గులాబీల దండే కొనుక్కొచ్చి, కవర్లో పెట్టి వీపు వెనక దాచుకున్నాడు. "నన్నిడిచి పోతా ఉండావా అక్కా" అంటూ గడపలో కూలబడ్డాడు.

గుంట నుంచి తిరిగొచ్చిన మాల్యాద్రికి ముందు ఆ జనం, తర్వాత కవర్లోంచి జారిన ఆ దండ కనబడ్డాయి. వాకిట్లోనే చతికిలపడ్డాడు. "మందు ఆపనులే కామమ్మా, పోబాక" అని బావురుమన్నాడు.

అప్పుడు లోపలినుంచి కొప్పు ముడుచుకుంటూ కామమ్మ వచ్చింది.

"ఏమయ్యా, నేనేమన్నా రొయ్యనా, రెండు గంటలకి పైకి లాగి చూసేదానికి? డాక్టరమ్మ ఆరు వారాలనింది. నీ చెవులు యాడ బెట్టినావు?" తర్వాత జనం వైపు తిరిగింది. "నాకు మనసుకి జబ్బు చేసింది. మందు మింగతా ఉండా. ఇంకా పూర్తిగా తగ్గలా. మీ యేడుపులు చూస్తే యెక్కువయ్యేటట్టు ఉండాది. పులుసు ఆడ బెట్టి పోండి."

కాలు విరిగితే ఊరంతా చూపించుకుంటారు గానీ, మనసుకు జబ్బని ఆ ఊళ్లో అంతవరకూ ఎవరూ నోరు తెరిచి చెప్పలేదు. ఆరు నెలలు మాటే రాని మనిషి ఆ మాట అంతమంది ముందు తలెత్తుకుని చెప్పింది. మాల్యాద్రి కళ్లు తుడుచుకోవడం కూడా మరిచి ఆమెనే చూశాడు. నవ్వు కోసం కాచుకున్నవాడికి తిట్లు దొరికాయి. అవే పదివేలనిపించింది.

అందరూ వెళ్లాక ముత్యాలయ్య ఒక్కడే మిగిలాడు.

"అక్కా, ఆ డాక్టరమ్మ యే దినం ఉంటాది? నీ మరదలు పోయినకాడి నుంచి నాకు నిద్ర లేదు. యెవురికీ చెప్పలా."

కామమ్మ తమ్ముడి చెయ్యి పట్టుకుంది. "సోమారం నేనే పిలుచుకుని పోతా. అందాకా నా మాత్రలు అడగబాక. యెవురి మందు వాళ్లదే."

సోమవారం పొద్దున్నే గణేష్ కామమ్మ, మాల్యాద్రి, ముత్యాలయ్య ముగ్గురికని ఆటో తెచ్చాడు. వాకిట్లో ఏడుగురు నిలబడి ఉన్నారు. కొత్తగా వచ్చిన నలుగురికీ నెల్లూరులో వేరే పనే ఉందట, కానీ డాక్టరమ్మ ఎన్నింటికొస్తుందని మాత్రం నలుగురూ అడిగారు.