నలభై వరుసలు మారాయి

ఆ ఉదయం ఊరెళ్తూ టైలరమ్మ కుట్టుమిషను మూతకు అంటించి వెళ్లిన పనుల చీటీ ఇది:

కత్తెరలకు సాన పట్టించాలి.
బొత్తాలు తేవాలి. తెల్లవి. గోధుమరంగువి చవగ్గా వచ్చినా సరే, తెల్లవే.
అత్తయ్య కళ్లజోడు బాగుచేయించాలి.
హెడ్ నర్సు గారు ఫోన్ చేసి కొత్త కొలతలు చెప్తారు. ఆవిడవి మాత్రమే మార్చాలి. ఎవరితోనూ అనకూడదు.
కంప్యూటర్లో కొత్త విద్యలేవీ ప్రయత్నించకూడదు.

చివరి మాట కింద రెండు గీతలు ఉన్నాయి. మొగుణ్ని బాగా ఎరిగిన ఇల్లాలు గీసిన గీతలవి. గీతలు గీస్తే మొగుడు ఆగుతాడని ఇంకా నమ్మే ఇల్లాలు గీసినవి కూడా.

ఊళ్లో తన అక్కకు ఆపరేషన్ కాకపోతే ఆవిడ ఆ వారం షాపు వదిలి కదిలేది కాదు. పెద్దాసుపత్రి నర్సులకు నలభై తెల్లకోట్లు కుట్టాలి. ఒక్క గది షాపుకు అంత పెద్ద పని రావడం అదే మొదటిసారి. ఇవి నచ్చితే ఏటా ఆ కోట్లు వాళ్లవే. నచ్చకపోతే ఆ గది ఖాళీ చేసి, మిషను తెచ్చి పడగ్గదిలో పెట్టుకోవాల్సిందే. అందుకే కత్తిరింపు, కుట్టు తమ్ముడికి, బొత్తాలు అత్తగారికి, కొలతలు భర్తకు అప్పగించింది. మొదటి రెండు నిర్ణయాలకూ తిరుగులేదు.

భర్తను బావమరిది "కోర్సుల బావ" అనేవాడు. పనిచేసే ఆఫీసు మూతపడ్డాక ఆయన ఫొటోలు తీయడం, రంగు చేపలు పెంచడం, షేర్లు అర్థం చేసుకోవడం వరసగా నేర్చుకున్నాడు. ఫొటోలు మసకబారాయి, చేపలు పోయాయి, షేర్లు అర్థం కాలేదు. ఇప్పుడు డేటాబేస్‌తో నడిచే వెబ్ అప్లికేషన్లు తయారుచేయడం నేర్చుకుంటున్నాడు. "ఈత పుస్తకం చదివితే రాదు, నీళ్లలో దిగాలి. మీ ఇంట్లో ఏ సమస్య ఉంటే దాని మీదే సాధన చేయండి" అని ట్రైనర్ మొదటి రోజే చెప్పాడు. సమస్యలకు లోటు లేని ఇల్లు కావడంతో ఆయన ఉత్సాహంగా దిగిపోయాడు.

నర్సుల కొలతల చీటీలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాడు. పేజీ తెరిచి పేరు కొడితే చాలు, ఆ మనిషి కొలతలు ప్రత్యక్షం. ఇక కాగితంతో పనేముందని చీటీలు చింపి చెత్తబుట్టలో వేశాడు.

"డేటాబేస్ అంటే ఏంట్రా అబ్బాయ్?" అని అడిగింది తల్లి.

"బీరువా అనుకో అమ్మా. అందులో టేబుల్ అంటే ఒక అర. ఆ అరలో మనిషికో వరుస."

"మరి తాళం?"

"తాళం పాఠం ఇంకా రాలేదమ్మా."

హెడ్ నర్సు ఫోన్ రానే వచ్చింది. "ఆ రోజు కొలతలు తీసేటప్పుడు నేను ఊపిరి బిగబట్టానండీ," అంది గొంతు తగ్గించి. "మా వాళ్లంతా చుట్టూ నిలబడి చూస్తున్నారు మరి. అలాగని కోటు వేసుకుని రోజంతా ఊపిరి బిగబట్టి తిరగలేను కదా! అసలువి చెప్తాను, ఛాతీ, నడుము, పొడవు, చెయ్యి, నాలుగూ మార్చేయండి. నా నడుము సంగతి మూడో మనిషికి తెలిసిందో, మీ షాపు మొహం చూడను."

"మూడో మనిషి ప్రసక్తే లేదు మేడమ్. తిన్నగా కంప్యూటర్‌కే చెప్తాను."

పేజీలో కొలతలు చూడటమే కుదురుతుంది. మార్చాలంటే డేటాబేస్‌కు ఆజ్ఞ ఇవ్వాలి. ఆ పాఠం నిన్ననే అయింది. ఆయన కుర్చీ సర్దుకుని ఛాతీ ఇంత, నడుము నలభై ఆరు, పొడవు ఇంత, చెయ్యి ఇంత చేయమని ఆజ్ఞ టైపు చేశాడు. ఎవరివి అన్నది రాయలేదు. ఇప్పుడే ఫోన్లో మాట్లాడిన మనిషివి కాకపోతే ఇంకెవరివి? మీట నొక్కాడు. "నలభై వరుసలు మారాయి" అని స్క్రీను జవాబిచ్చింది. ఒక్క పని చెబితే నలభై చేసిపెట్టిన ఆ విధేయతకు ఆయన పొంగిపోయాడు. ఇంట్లో అలాంటి మాట వినే జీవి ఇంకొకటి లేదు. అయినా జాగ్రత్తపరుడు కాబట్టి హెడ్ నర్సు పేరు కొట్టి చూసుకున్నాడు. నాలుగూ సరిగ్గా ఉన్నాయి.

మూడో కోటు దగ్గర బావమరిది కత్తెర ఆగింది.

"బావా, ఈ సన్నటి నర్సమ్మ నడుము నలభై ఆరంటోంది నీ బీరువా. కొలతలు తీసిన రోజు నేనక్కడే ఉన్నాను. ఫ్యాను గట్టిగా తిరిగితే కిటికీ చువ్వ పట్టుకునేలా ఉంది ఆ అమ్మాయి."

"నీకు కళ్ల మీద నమ్మకమా, డేటా మీద నమ్మకమా?"

"ఇన్నాళ్లూ కళ్ల మీదే బతికాం."

"అందుకే ఇన్నాళ్లూ ఒక్క గదిలో ఉన్నాం."

బావమరిది మొహం మాడిపోయింది. "సరే బావా! స్క్రీను చెప్తుంది, కత్తెర వింటుంది. మధ్యలో నేనెవర్ని?" అన్నాడు. ఆరో కోటు నుంచి స్క్రీను వైపు చూడటం కూడా మానేశాడు. ఎలాగూ అదే చెప్తుంది.

టైలరమ్మ రోజూ అక్క ఉన్న ఆస్పత్రి వరండాలోంచి ఫోన్ చేసేది.

"ఏమండీ, కొలతలు సరిగ్గా వస్తున్నాయా?"

"ఒకదానికీ ఒకదానికీ వెంట్రుకవాసి తేడా లేదు!"

"బతికించారు. గుడ్డ ఎంత మిగిలింది?"

"మిగలడమేంటి, చాలందే! పరదాల కోసం నువ్వు దాచిన తెల్ల తాను కూడా తీశాం."

"తమ్ముడికివ్వండి ఫోను" అంది. తమ్ముడు గుడ్డ అడ్డదిడ్డంగా కోసి పాడుచేస్తున్నాడని ఆవిడ అనుమానం. అక్క పెట్టిన చీవాట్లు విన్నాక తమ్ముడు మూతి బిగించాడు. ఆ గదిలో జరుగుతున్న తప్పును చూడగలిగిన ఒకే ఒక్క మనిషి ఆ విధంగా రెండు వైపుల నుంచీ నోరు మూయబడి, కోట్లు కోస్తూ కూర్చున్నాడు.

అత్తగారు మాత్రం బొత్తాలు కుడుతూ సంబరపడింది. "నర్సులంతా ఇంత పుష్టిగా ఉంటే రోగులకు ఎంత ధైర్యమో!"

ఇంతలో కోర్సులో ఇంకో పాఠం అయింది: డేటాను అచ్చు వేయడం. ఆజ్ఞల పాఠం అచ్చొచ్చింది కదా అని, ఆయన దీన్నీ వదల్లేదు. ప్రతి కోటుకూ మెడ లోపల చిన్న పట్టీ కుట్టించాడు. పట్టీ మీద పేరు, నాలుగు కొలతలు, చక్కటి అక్షరాలతో.

కోట్లు అప్పగించే రోజు టైలరమ్మ బస్సు దిగి తిన్నగా పెద్దాసుపత్రికే వచ్చింది. కోర్సుల బావ తన ట్రైనర్‌ను కూడా పిలిచాడు, శిష్యుడి ప్రతాపం కళ్లారా చూడమని. ముందు హెడ్ నర్సు కోటు వేసుకుంది. పోత పోసినట్టు కుదిరింది. "ఇది కదా కుట్టడమంటే!" అంది. టైలరమ్మ వారం రోజుల తర్వాత మొదటిసారి గుండెల నిండా గాలి పీల్చుకుంది. ఆ గాలి వదలకముందే సన్నటి నర్సమ్మ తెర చాటు నుంచి బయటికొచ్చింది. నిజానికి కోటు బయటికొచ్చింది. లోపల ఎవరో ఉన్నారని చెప్పడానికి పైన ఒక మొహం ఉంది.

తర్వాత వచ్చిన ప్రతి నర్సూ కోటు విప్పి, మెడ లోపలి పట్టీ చదువుకుని, ఎవరూ చూడకుండా గుప్పిట్లో దాచుకుంది. పది మంది గుప్పిళ్లు మూసుకున్నాక ఒకావిడ ఉండబట్టలేక పక్కావిణ్ని అడిగింది. "నీదెంత?"

"ముందు నీది చెప్పు."

"నలభై ఆరు."

"అయ్యో, నాదీ అంతే!"

హాలంతా గుప్పిళ్లు తెరుచుకున్నాయి. టైలరమ్మ భర్త చెయ్యి పట్టి స్తంభం చాటుకు లాక్కెళ్లింది.

"ఏం చేశారు?"

"హెడ్ నర్సు గారివి మార్చాను. అంతే."

"'ఆవిడవి మాత్రమే' అని రాశానా లేదా?"

వెంట వచ్చిన ట్రైనర్, శిష్యుడు గొప్పగా ఫోన్లో ఫొటో తీసి పెట్టుకున్న ఆ ఆజ్ఞ చూసి నుదురు కొట్టుకున్నాడు. "ఎవరివి మార్చాలో చెప్పే షరతు ఏదండీ?"

"షరతా? అదెప్పుడు చెప్పారు?"

"ఎలా మార్చాలో టీకి ముందు చెప్పాను. ఎవరివి మార్చాలో టీ తర్వాత చెప్పాను."

"టీ తర్వాత నేను సాధన కోసం ఇంటికెళ్లిపోయానండీ."

ఈలోగా నర్సుల్లో ఒక పెద్దావిడ ఆలోచనలో పడింది. "అయితే ఈ కొలతలు ఎవరివై ఉంటాయి?" ఆ హాల్లో కోటు కుదిరింది ఒక్కరికే. ముప్పై తొమ్మిది తలలు మెల్లగా హెడ్ నర్సు వైపు తిరిగాయి. ఎవరికీ తెలియకూడదన్న ఆవిడ నడుము, నలభై మెడల్లో అచ్చయి ఉంది. టైలరమ్మ కళ్ల ముందు మిషను పడగ్గదిలోకి వచ్చేసింది. మంచం ఎటు జరపాలో కూడా లెక్క తేలిపోయింది.

హెడ్ నర్సు మొహం ఎర్రబడింది, తెల్లబడింది, ఆపైన అధికారంతో గట్టిపడింది.

"ఏంటి చూస్తున్నారు? నేనే చెప్పి కుట్టించాను," అంది. "ఇకనుంచి ఈ ఆస్పత్రిలో అందరికీ ఒకే కొలత. గాలాడుతుంది, వంగితే బొత్తాలు ఊడవు, ఎవరి కోటు ఎవరైనా వేసుకోవచ్చు. ఈ నలభై ఆరు ఎవరి కొలతా కాదు. పద్ధతి. అర్థమైందా?"

"అర్థమైంది మేడమ్" అన్నారు అందరూ. నిజంగానే అర్థమైంది.

హెడ్ నర్సు టైలరమ్మ వైపు తిరిగింది. "వచ్చే ఏడు కూడా మీరే కుట్టాలి. పద్ధతి తెలిసినవాళ్లు మళ్లీ దొరకరు." ఇంకో షాపుకు వెళితే ఇంకోసారి కొలతలివ్వాలి కదా.

ఆ విధంగా షాపు నిలబడింది. ఇంటికొచ్చాక కోర్సుల బావ పాత కొలతలు తిరిగి రాబడతానని కంప్యూటర్ ముందు కూర్చోబోతే, భార్య ఆపింది. "నలభై మందికీ ఒకటే కొలతైతే నలభై వరుసలెందుకు? ఆవిడదొక్కటి ఉంచి తక్కినవి తీసేయండి." ఈసారి ఆయన షరతు మర్చిపోలేదు. హెడ్ నర్సు తప్ప అందరూ పోయారు. ఒకే ఒక్క వరుసతో నడుస్తున్న ఆ అప్లికేషన్‌ను ట్రైనర్ ఇప్పుడు ప్రతి కొత్త బ్యాచ్‌కూ చూపిస్తున్నాడు, టీకి ముందే. పరదాలు లేని కిటికీ పక్కన కూర్చుని బావమరిది ఇప్పుడు కళ్లు మూసుకుని కోస్తున్నాడు. బావగారు తర్వాతి కోర్సు కోసం వెతుకుతున్నారు.

మీరెప్పుడైనా ఆస్పత్రి మంచం మీద ఉన్నప్పుడు, మోచేతుల దాకా కోటు చేతులు మడుచుకుని, ఒక చేత్తో కోటు అంచు ఎత్తిపట్టి, రెండో చేత్తో సూది తెచ్చే సన్నటి నర్సమ్మ కనిపిస్తే దయచేసి ఆవిణ్ని గుర్తుపెట్టుకోండి. డేటాబేస్ ఎలాగూ మర్చిపోయింది.