మున్సిపాలిటీ మనసు పెట్టి విన్నది

పౌరులకూ పురపాలక సంఘానికీ మధ్య అనుబంధం పలచబడడానికి ఏకైక కారణం, పౌరులు చెప్పేది ఎవరూ సరిగా వినకపోవడమేనని పరాగ్వేలోని ఆ చిన్న ఊరి మేయరు గారు కనిపెట్టారు. (కాలువలూ రోడ్లూ కూడా కారణం కావచ్చని ఒక ఇంజనీరు నసిగాడు. ఆయన్ని బదిలీ చేశారు.) వారం తిరక్కుండా సావధాన శ్రవణ విభాగం వెలిసింది.

చిపా రొట్టెలు కాల్చి అమ్ముకునే నికానోరా ఆ గడప తొక్కింది ఒకే ఒక్క పని మీద. మున్సిపాలిటీ వాళ్లు ఆమె పెరటి పక్కన కాలువకని గొయ్యి తవ్వి, పూడ్చకుండా చక్కా పోయారు. ఇరవై ఏళ్ల మట్టిపొయ్యి ఆ గోతిలోకి ఒరుగుతోంది. చూస్తే ఆకాశం నల్లగా కమ్ముకొచ్చింది. ఒక్క లారీ మట్టి పడితే పొయ్యి నిలుస్తుంది, ఆమె ఇల్లు గడుస్తుంది.

శ్రవణాధికారి ఫుల్హెన్సియో ఎదురొచ్చి కూర్చోబెట్టి, తెరెరె అనే చల్లని ఆకుల పానీయం కప్పు చేతికిచ్చాడు. కప్పు తిరిగిస్తూ థాంక్స్ అంటే ఇక చాలని చెప్పినట్టేనని అక్కడ పసిపిల్లలకూ తెలుసు. విభాగం దాన్నే తొమ్మిదో నిబంధన చేసింది: థాంక్స్ అన్న క్షణాన ఫిర్యాదుదారు సంతృప్తి చెందినట్టు, ఫైలు మూసినట్టు.

"పొయ్యి పడిపోతోంది నాయనా," అంది నికానోరా.

"పొయ్యి పడిపోతోందని మీరంటున్నారు, నికానోరా గారూ," అన్నాడతను మూడుసార్లు తలూపి. (నిమిషానికి మూడు, నాలుగో నిబంధన.)

"అనడమేంటి! కళ్లారా చూసొచ్చాను. మట్టి పోయించు."

"మట్టి కావాలని మీ మనసు కోరుకుంటోంది."

"నా మనసుకెందుకయ్యా మట్టి? గోతికి కావాలి!"

పరిష్కారం చెబితే వినడానికి ఆటంకం కనుక ఆరో నిబంధన దాన్ని నిషేధించింది. నికానోరా మాత్రం తక్కువ తిందా? థాంక్స్ అనకుండా పదకొండు కప్పులు తాగింది. బయట వాన అందుకుంది. అంతలో ఫోన్ మోగింది. పొరుగింటి లిబ్రాదా.

"కొంప మునిగిందే నికానోరా! పొయ్యి మొత్తం గోతిలో పడిపోయింది!"

ఆమెకు దుఃఖం పొంగుకొచ్చింది. "విన్నావుగా? ఇప్పుడైనా పంపించు. ఆ మట్టి లారీ డ్రైవరు ఎక్కడ చచ్చాడు?"

"నేనేనమ్మా," అన్నాడు ఫుల్హెన్సియో తలూపుతూనే. "వినడం నేర్పించి ఇక్కడ కూర్చోబెట్టారు. పార పట్టేవాళ్లంతా అవిగో, ఆ పక్క బల్లల దగ్గర వింటున్నారు."

"మరి లారీ?"

"అది అమ్మేసే ఈ మెత్తటి కుర్చీలు కొన్నారు. నడుముకి హాయిగా లేదూ?"

ఆమె కప్పు బల్ల మీద పెట్టి వానలోకి వెళ్లిపోయింది. ఫుల్హెన్సియో శ్రద్ధగా ఫైలులో రాసుకున్నాడు: కుర్చీ విషయంలో ఫిర్యాదుదారుకు ఏ అభ్యంతరమూ లేదు.