చర్చి బండికి పట్టిన జబ్బు

చర్చి గోల్ఫ్ కార్టును పాడు చేసింది డ్యూయీ కాబ్. ఇందులో వాదించడానికేమీ లేదు. ఆ బండిని ఒక ఆదివారం డ్యూయీ నడిపేవాడు, మరో ఆదివారం హార్లన్ ప్రూయిట్ నడిపేవాడు. డ్యూయీ వంతు వచ్చినప్పుడు అది పోట్లగిత్తలా ఉరికేది. హార్లన్ వంతుకు బ్యాటరీ చచ్చి ఊరుకునేది. ఇంతకన్నా సాక్ష్యం ఏ కోర్టుకు కావాలి?

ఆ శనివారం పొద్దున హార్లన్ కాఫీ తాగి, రాత్రి మిగిలిన మొక్కజొన్న రొట్టె తిని, రెంచీలు పట్టుకుని చర్చి వెనక షెడ్డుకు వెళ్ళాడు. బెల్టు బిగించి, ఎండెక్కకముందే ఇంటికొచ్చి టమాటా మొక్కలకు నీళ్ళు పెట్టాలని ఆయన ఆలోచన. అది పెట్రోలు బండి. పెడల్ తొక్కితే ఇంజను లేస్తుంది, కాలు తీస్తే ఆగిపోతుంది. ఇంజనును లేపేదీ, లేచాక బ్యాటరీని నింపేదీ ఒకటే డబ్బా. దానికీ ఇంజనుకూ మధ్య ఉన్నది ఆ బెల్టు; అది వదులైతే బ్యాటరీ నిండదు.

దూరంగా కార్లు ఆపుకున్న ముసలమ్మలను చర్చి గుమ్మం దాకా చేర్చడం ఆ బండి పని. భార్య ఆర్డెల్ పోయాక, హార్లన్ కోసం ఎవరైనా ఎదురుచూసే చోటు భూమ్మీద అదొక్కటే మిగిలింది. ఆ సంగతి ఆయన ఎవరితోనూ అనలేదు. అసలు ఆయన ఎవరితోనూ ఏమీ అనడు.

బెల్టు బిగిసింది. మర్నాడు తొంభై దాటిన యూనిస్ గారిని ఎక్కించుకుని పెడల్ తొక్కితే బండి టక్కుమంది. అంతే.

"అబ్బాయ్, ఇది చచ్చిందా, నువ్వే ఆపావా?" అందావిడ. ఆవిడ లెక్కలో డెబ్బై దాటిన హార్లన్ ఇంకా అబ్బాయే.

"చచ్చింది."

"డ్యూయీ నడిపితే చావదే!"

"నేననేదీ అదేనండి."

ఆరాధన అయిపోగానే హార్లన్ పాస్టర్ లైల్‌ను పట్టుకున్నాడు. పాస్టర్ కుర్రవాడు, ఊరికి కొత్త. అందరితో మంచిగా ఉండాలనే జబ్బు ఒకటుంది.

"డ్యూయీ నా మీద కక్షతో బండిని ఏదో చేస్తున్నాడు" అన్నాడు హార్లన్.

"ఆయనకు మీ మీద కక్ష ఎందుకండీ?"

"మూడో క్లాసులో వాడి గాలం కర్ర విరగ్గొట్టాను."

"అరవై ఏళ్ళ కిందటి మాట కదండీ!"

"వాడు అంత తేలిగ్గా మర్చిపోయే రకం కాదు."

గొడవెందుకని పాస్టర్ డ్యూయీ దగ్గర తాళంచెవి తీసుకున్నాడు. మర్యాదగా ఉంటుందని, "డ్యూయీ గారు కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకుంటారు" అని వేదిక మీద నుంచి ప్రకటించాడు. ఆ చర్చిలో విశ్రాంతి అంటే ఆపరేషన్ అనే అర్థం. బుధవారం ప్రార్థన కూటానికి అది గుండెజబ్బయింది. శుక్రవారానికి ఊపిరితిత్తులకు పాకింది. ఆడవాళ్ళు ఓవెన్‌లో కాల్చిన కోడికూరలు, పీచ్ పళ్ళతో చేసిన తీపి పైలు మోసుకుని డ్యూయీ ఇంటికి వరస కట్టారు. డ్యూయీ బ్రహ్మచారి. డబ్బాల్లోని చిక్కుడు గింజలతో జీవితం వెళ్ళదీసినవాడు. తనకేమీ కాలేదని చెప్పడానికి ఆయన నోరు ఒక్క క్షణం కూడా ఖాళీగా లేదు.

ఇక బండి మొత్తం హార్లన్‌దే. షెడ్డుకు పెద్ద తాళం వేశాడు. సీటుకు గొలుసు చుట్టాడు. బండి అంతకుముందు కన్నా త్వరగా చావడం మొదలుపెట్టింది.

"దొంగ తాళంచెవి చేయించాడు" అనుకున్నాడు హార్లన్.

మీటరు పెట్టి చూద్దామంటే ఒక చిక్కుంది. బ్యాటరీ నిండుతోందా లేదా అన్నది ఇంజను తిరుగుతుండగా చూడాలి. ఇంజను తిరగాలంటే ముందు సీట్లో ఒకరు పెడల్ తొక్కి పట్టుకోవాలి, మీటరుతో వెనకాల ఒకరు వంగాలి. హార్లన్ కాలు అంత పొడుగు కాదు. ఎవరినైనా వచ్చి తొక్కమని అడగడం ఆయన ఇంటా వంటా లేదు. అందుకని ఊహించి బాగు చేశాడు. ముందు కరెంటును అదుపు చేసే రెగ్యులేటరు మార్చాడు. తర్వాత ఆ డబ్బా మార్చాడు. చివరికి బ్యాటరీయే మార్చాడు. అది కొన్ని వారాలు నడిచి, ఆఖరికి అదీ డ్యూయీ పక్షం చేరిపోయింది.

"చర్చి వార్షిక విందు దగ్గరకొచ్చిందండీ" అన్నాడు పాస్టర్, ఈపాటికి డ్యూయీ జబ్బును తనూ నమ్మేసి. "ఊరూరి నుంచి పెద్దవాళ్ళు వస్తారు. ఆ రోజు గనక ఆగితే బండి మళ్ళీ డ్యూయీ గారికి ఇచ్చెయ్యాల్సి వస్తుంది, పాపం ఆయన కోలుకుంటే."

"తప్పు వాడిది కాదని తేలితే నా చేత్తో నేనే ఇస్తా" అన్నాడు హార్లన్. నలుగురూ విన్నారు.

విందు నాడు బండి సరిగ్గా గేటుకు అడ్డంగా ఆగింది. యూనిస్ గారి ఒళ్ళో పెద్ద గిన్నెడు బంగాళాదుంప సలాడ్ ఉంది. వెనక కార్ల హారన్లు మోగుతున్నాయి.

"అబ్బాయ్, ఇందులో కోడిగుడ్డు మయొనైజ్ ఉంది. ఈ ఎండకు ఇది విషమవుతుంది. ఊళ్ళో సగం మంది పోతే నాకు సంబంధం లేదు."

అంతలో వేయించిన కోడికాలు నములుకుంటూ డ్యూయీ వచ్చాడు. బాగా ఒళ్ళు చేశాడు.

"అమ్మో, లేచి నడుస్తున్నాడు!" అని ఎవరో ఆడమనిషి కేక పెట్టింది. "మన ప్రార్థన ఫలించింది!"

జనం మీద పడి ఆయన్ని కౌగిలించుకున్నారు. ఇద్దరు ఏడ్చారు.

"ఏడుపులయ్యాక వాణ్ణి ఇటు పంపండి" అన్నాడు హార్లన్.

"ఏరా, నాతో ఏం పని?" అన్నాడు డ్యూయీ.

"నీతో లేదు. నీ కాలితో ఉంది. ఇన్నాళ్ళూ ఏం చేశావో ఈ జనం ముందే తేలాలి."

మగవాళ్ళు బండిని పక్కకు తోసి, వెనక చక్రాలు జాకీతో లేపారు. ఒక కారు బ్యాటరీ నుంచి వైర్లు తగిలించి ఇంజను లేపి, వైర్లు తీసేశారు. డ్యూయీ పెడల్ తొక్కి పట్టుకున్నాడు. హార్లన్ వంగి మీటరు పెట్టాడు. ముల్లు పద్నాలుగు వోల్టులు దాటింది.

"కాలు తియ్యకు" అన్నాడు. మళ్ళీ చూశాడు. పద్నాలుగే.

"అంటే ఏమిటండీ?" అన్నాడు పాస్టర్.

"నిండుతోంది."

"బాగానే ఉందా?"

"బాగానే ఉంది" అన్నాడు హార్లన్, పన్ను పీకించుకుంటున్నవాడిలా.

"మరి ఎందుకు చస్తోంది?" అంది యూనిస్ గారు. తనే జవాబూ చెప్పింది. "డ్యూయీ మమ్మల్ని చెరువు చుట్టూ తిప్పేవాడు. మా మనవరాలి విడాకుల కథంతా విని గానీ దింపేవాడు కాదు. నువ్వేమో ఎక్కీ ఎక్కకముందే దిగమంటావు. నీ బండీ నీలాగే ఉంది, రెండో మాట లేదు."

హార్లన్‌కు అర్థమైంది. ఇంజను లేచిన ప్రతిసారీ బ్యాటరీలోంచి కొంత పోతుంది. అది తిరిగి నిండేలోపే తను కాలు తీసేస్తున్నాడు. ఒక వారం తను ఖాళీ చేసింది మరో వారం డ్యూయీ చెరువు చుట్టూ తిరిగి నింపాడు. ఇన్నాళ్ళూ తను బతికింది ఆ దొంగవెధవ పోసిన కరెంటు మీద.

ఆయన తాళంచెవి తీసి, జనం చూస్తుండగా డ్యూయీ ముందుకు చాపాడు.

డ్యూయీ తాళంచెవి వంక చూశాడు. తర్వాత బల్ల దగ్గర తన కోసం రెండో పళ్ళెం సర్దుతున్న ఆడవాళ్ళ వంక చూశాడు.

"వద్దురా" అన్నాడు, గుండె మీద చెయ్యి వేసుకుని. "నాకు ఒంట్లో బాగాలేదు కదా."

పాస్టర్ అప్పటికప్పుడు తేల్చేశాడు. ఇక ప్రతి ఆదివారం హార్లన్ గారే నడుపుతారు, చెరువు చుట్టూ తిప్పి మరీ తెస్తారు.

తర్వాతి ఆదివారం యూనిస్ గారు ముందు సీట్లో కూర్చుని విడాకుల కథ పెళ్ళిచూపుల నుంచి అందుకుంది. వెనక సీటు కోసం మరో నలుగురు ఎండలో నిలబడ్డారు.

ఆ బండి జబ్బు గురించి ఇక నోరెత్తనని హార్లన్ ఆ రోజే చెప్పేశాడు. ఎవరైనా అడిగితే పెడల్ తొక్కి చెరువు వైపు తిప్పుతాడు.