వంకాయ ఆకును ఎవరు కుట్టారు?

మలేసియాలోని సుంగై పెటానిలో ఆ శనివారం ఉదయం రత్నావతి అనుకున్నది చిన్న పనే. పెరట్లో నాలుగు వంకాయలు కోసి, మధ్యాహ్నం భోజనానికి వచ్చే తెలుగు సంఘం కార్యవర్గానికి కూర వండాలి. సంఘానికి అధ్యక్షుడు ఆమె భర్త జయరామే. కాయ కోయబోయిన ఆమె చెయ్యి ఆగిపోయింది. ఒక పెద్ద ఆకు అంచులు రెండూ తెల్లదారంతో కలిపి కుట్టి ఉన్నాయి.

"ఏటండీ, ఇలా రండి లా! మనకెవులో సిల్లంగి ఎట్టినారు!" మలేసియా అలవాటుగా మాటకు 'లా' తగిలిస్తూ, చేతబడి జరిగిందని భర్తను కేకేసింది.

జయరామ్ కళ్ళజోడు సవరించుకుని చూశాడు. "కుట్టు సక్కగుంది. సెయ్యి తిరిగినోళ్ళ పనే."

ఆ వీధిలో కుట్టుపనికి చెయ్యి తిరిగింది పక్కింటి దేవుడమ్మ ఒక్కతే. పైగా ఆమె కుట్టిన జాకెట్టు బిగువైందని రత్నావతి పోయిన నెలే గొడవపడింది.

వంకాయకు బదులు పప్పు తిన్న కార్యవర్గం విచారణ కమిటీ వేసి, ఆకు ఫోటో వాట్సాప్‌లో పెట్టింది. గంటలో సభ్యుల్లో సగం మందికి తమ పెరళ్ళలోనూ అలాంటివే చూసినట్టు గుర్తొచ్చింది.

కబురు దేవుడమ్మకు చేరింది. నాలుగు రోజుల్లో ఉగాది. ఆ రోజు సంఘం వేసే నాటకానికి ముప్ఫై జాకెట్లు ఆమె దగ్గర సగం కుట్టి ఉన్నాయి. వాటిని మూటగట్టి తెచ్చి జయరామ్ గుమ్మంలో పడేసింది.

"సిల్లంగిదాని సేత ఎందుకు? మీరే కుట్టుకోండి. ఏదీ, ఆ ఆకు సూపించండి."

వంగి చూసింది. "దారం నాదే."

కార్యదర్శి కోగిలన్ 'నేరం ఒప్పుకున్నారు' అని రాసేసుకున్నాడు.

"కుట్టు నాది కాదు. నానింత సన్నంగా కుట్టలేను."

అందరూ పెరటి వరండాలోకి వచ్చి వాదించుకుంటుండగా, వెనక పాత తోటలో మిగిలిన రబ్బరు చెట్లలోంచి బొటనవేలంత పిట్ట ఒకటి వంకాయ మొక్క మీద దిగింది. నెత్తిన ఇటుకరంగు, వీపు ఆకుపచ్చ, తోక నిటారు. ముక్కున దేవుడమ్మ ఊడ్చి పారేసిన దారప్పోగు. ఆకును ముక్కుతో పొడిచి, దారం దూర్చి, జారిపోకుండా కొస చీల్చింది.

"పిచ్చుక," అని తేల్చాడు అధ్యక్షుడు.

"కాదు లా, పెరెంజాక్! సిన్నప్పుడు తోటలో దీని కూత ఇన్నాను. కుట్టడం ఇప్పుడే సూసినాను," అంది దేవుడమ్మ. మలయ్ వాళ్ళ పెరెంజాక్‌ను తెలుగులో దర్జీ పిట్ట అంటారు. గూడు పెట్టుకోవడానికే ఆకును సంచిలా కుడుతుంది.

రత్నావతి మూట నెత్తికెత్తుకుంది. "తప్పైపోనాది అక్కా. పద, మీ ఇంటికాడ దింపుతాను."

"దింపు గానీ, ఆ మొక్క జోలికి ఎవుల్నీ రానీకు."

జాకెట్లు ఉగాదికి అందాయి. నేరస్థులు లేని విచారణ కమిటీని రద్దు చెయ్యడానికి మనసొప్పక, దానికి పక్షి సంరక్షణ కమిటీ అని పేరు మార్చారు. నెల తిరిగేసరికి పిట్టపిల్లలు ఎగిరిపోయాయి. కమిటీ మాత్రం ప్రతి శనివారం భోజనానికి వస్తూనే ఉంది.