ముగ్గురు కూతగాళ్ళను తెచ్చుకున్న అడవి

ఒక పెద్ద అడవిలో, అంటే అక్కడి కమిటీ లెక్కలో పెద్దది, నడిచి చూస్తే ఓ మోస్తరు అడవిలో, జంతువులన్నిటికీ కబడ్డీ అంటే ప్రాణం. ఊరికే అనడం లేదు. ఆ అడవికీ పక్క అడవికీ నడుమ నల్లమడుగు అని ఒక మడుగు ఉంది. ఎండలు ముదరబోయే ముందు రెండు అడవులూ కబడ్డీ ఆడతాయి. గెలిచిన అడవి వేసవంతా ఆ మడుగులో తాగుతుంది, మునుగుతుంది, దొర్లుతుంది. ఓడిన అడవి కొండ దాటి, అవతల సన్నగా పారే వాగు దాకా రోజూ నడవాలి.

ఏళ్ళ తరబడి గెలుస్తున్నది మన అడవే. మన అడవి అని ఎందుకన్నానంటే, ఇప్పుడు చెప్పబోయే పనులు చేసిన అడవిని పరాయిది అనడానికి నాకు నోరు రాలేదు.

గెలుపంతా పట్టులో ఉండేది. ఎదుటివాడు కూతకు వస్తే అడవిగేదె కాటమ్మ నడుం పట్టేది, ఉడుము ఓబులమ్మ కాలు పట్టేది. ఓబులమ్మ పట్టిందంటే ఆ కాలు ఇక వాడిది కాదు. అలా ఎదుటి జట్టువాళ్ళు ఒక్కొక్కరే అవుటై బయట కూర్చునేవాళ్ళు. చివరికి వాళ్ళ బరిలో ఇద్దరో ముగ్గురో మిగిలేవాళ్ళు.

అప్పుడు మన జింక చెంగన్న కూతకు వెళ్ళేవాడు. ఖాళీ బరిలో కబడ్డీ కబడ్డీ అంటూ అటూ ఇటూ తిరిగి, మిగిలినవాళ్ళను ముట్టి, ఆకాశంలోకి ఒక్క గెంతు గెంతి గీతకు ఇవతల పడేవాడు.

ఆ గెంతు చూడటానికి చాలా బాగుండేది. చిక్కంతా అక్కడే వచ్చింది. కోతులు చెట్ల మీంచి చూసి నెలల తరబడి ఆ గెంతు గురించే చెప్పుకునేవి. నడుం పట్టడం గురించి చెప్పుకోవడానికి ఏముంటుంది? దుమ్ము, చెమట, కాస్త మూలుగు.

ఒకరోజు చెంగన్న కమిటీ అధ్యక్షుడు సింహం కేసరయ్య ముందు నిలబడి, "దొరా, పక్క అడవివాళ్ళు నన్ను రమ్మంటున్నారు," అన్నాడు. నిజానికి ఎవరూ రమ్మనలేదు.

కేసరయ్య గుండె జారిపోయింది. "ఏం కావాలో అడుగు నాయనా. వెళ్తానని మాత్రం అనకు."

చెంగన్న మొహమాటపడలేదు. నేరేడుచెట్టు నీడ మొత్తం తనకే కావాలన్నాడు. లేతగడ్డి కోతులు తెచ్చి అందించాలన్నాడు. రోజూ మడుగులో మొదటి గుక్క తనదే కావాలన్నాడు. ఇదంతా మూడు వేసవులు సాగాలన్నాడు. కేసరయ్య ప్రతిదానికీ తల ఊపాడు. కార్యదర్శి నక్క జంబులింగం ఒప్పందాన్ని టేకాకు మీద గీసి, చెంగన్న గిట్ట ముద్ర వేయించాడు.

అంతటితో ఆగి ఉంటే నేను ఈ కథ చెప్పేవాణ్ణి కాదు.

ఆ సాయంత్రం జంబులింగం తోక సవరించుకుంటూ, "దొరా, ఒక్క కూతగాడితోనే మన అడవికి ఇంత పేరొచ్చిందే! ముగ్గురుంటే?" అన్నాడు.

కేసరయ్య కళ్ళు మెరిశాయి. అంతలోనే పాపం ఆయనకు ఒక మంచి ఆలోచన వచ్చింది. "ఒకసారికి గీత దాటేది ఒక్కడే కదా జంబులింగం? మిగతా ఇద్దరూ ఏం చేస్తారు?"

"నిలబడి భయపెడతారు దొరా."

"ఎవర్ని?"

"చూసేవాళ్ళని."

కేసరయ్యకు ఈ మాట సబబుగానే తోచింది.

అలా మలుపులు తిరగడంలో పేరున్న కుందేలు పాపయ్యను తెచ్చారు. ఏ పాముకూ చిక్కలేదని చెప్పుకునే ముంగిస మునెయ్యను తెచ్చారు. చెంగన్నకు ఇచ్చినదానికి ఇద్దరూ ఒక్క ఆకు కూడా తగ్గనన్నారు. మునెయ్య కోసం ఎలుగుబంటి భల్లయ్య పడుకునే ఇప్పచెట్టు ఖాళీ చేయించారు. పట్టేవాళ్ళలో భల్లయ్య కూడా గట్టివాడే. కానీ జట్టులో ఉండేది ఏడుగురు. ముగ్గురు కూతగాళ్ళు వచ్చాక అతనికి చోటెక్కడుంది? చాప చుట్టేసి కొండెక్కిపోయాడు.

పాపయ్య కోసం కాటమ్మ మేసే పచ్చిక అడిగారు. ఆ సమయానికి కాటమ్మ ఈని నెల కూడా కాలేదు. దూడ కాళ్ళు ఇంకా తడబడుతూనే ఉన్నాయి. అది కొండ దాటి వాగుకు నడవడం జరిగే పని కాదు. ఈ ఏడు మడుగు పోకూడదని కాటమ్మ కనపడిన ప్రతి పుట్టకూ మొక్కుతోంది.

"జట్టు కోసమేగా అడుగుతున్నాం," అన్నాడు జంబులింగం.

"తీసుకోండయ్యా," అంది కాటమ్మ సంతోషంగా. "నా దూడకు మడుగు దక్కితే అంతే చాలు. ఎక్కడో ఎండుగడ్డి ఏరుకుంటాలే."

ఓబులమ్మకు ఒళ్ళు మండింది. "నీకేమన్నా పిచ్చా వదినా? పాలిచ్చేదానివి, ఎండుగడ్డి తిని నడుమెట్టా పడతావు?"

"ముగ్గురొచ్చారుగా వదినా. ఈసారి మనకంత పనుండదు."

నిజం చెప్పాలంటే కాటమ్మ ఒక్కతే కాదు, అడవంతా అలాగే అనుకుంది. కొత్త కూతగాళ్ళు వచ్చిన రోజు అందరికంటే గట్టిగా డొక్క ఎగరేసి రంకె వేసింది కాటమ్మే.

ఒప్పందం దగ్గర మునెయ్య ఇంకో మెలిక పెట్టాడు. "ఎదుటివాడు కూతకొస్తే నేను వాణ్ణి ముట్టను. కాలు బెణికితే నా బతుకేం గాను? నా పని కూత. పట్టడానికి వేరేవాళ్ళున్నారు." జంబులింగం సరేనన్నాడు. అది విని మిగతా ఇద్దరూ తమ ఆకుల మీద కూడా ఆ ముక్క గీయించుకున్నారు.

తర్వాత ఒక్కొక్కరే చాటుగా వచ్చి, "మొదటి కూత నాదేనా?" అని అడిగారు. జంబులింగం ముగ్గురితోనూ "నీదే" అన్నాడు. ఎవరు ఏమడిగినా నీదే అనడం అతని అలవాటు. అందుకే ఆ అడవిలో ఏ కమిటీ వేసినా అతనే కార్యదర్శి.

ఇక సాధన మొదలైంది. చెంగన్న గెంతడం సాధన చేశాడు. పాపయ్య మలుపులు సాధన చేశాడు. మునెయ్య మెడలో దండ వేయించుకోవడం సాధన చేశాడు. పట్టు సాధన చేద్దామంటే ఓబులమ్మకు ఎవరూ దొరకలేదు. ఆవిడ ఒక చెట్టుమొద్దును పట్టుకుని సాధన చేసింది. మొద్దు ఒక్కసారి కూడా తప్పించుకోలేదు కాబట్టి పట్టు భేషుగ్గా ఉందని కమిటీ తేల్చింది.

జట్టులో ఇంకా రెండు చోట్లు మిగిలాయి. ఒకటి కేసరయ్య మేనల్లుడికి, ఇంకొకటి జంబులింగం బావమరిదికి ఇచ్చారు. వాళ్ళలో ఒకడు నిద్రపోతూ ఆడగలడు, రెండోవాడు ఆడుతూ నిద్రపోగలడు.

ఆట రోజు వచ్చింది. బరి చుట్టూ రెండు అడవులూ చేరాయి. కాటమ్మ దూడను బరి పక్కనే పొదనీడలో పడుకోబెట్టి వచ్చి నిలబడింది. మధ్యవర్తి కొంగ గీత మీద ఒంటికాలిపై నిలబడి రెక్క ఎత్తింది.

మొదటి కూత మనది. చెంగన్న కబడ్డీ కబడ్డీ అంటూ గీత దాటాడు. పాపయ్య కూడా దాటాడు. మునెయ్య కూడా దాటాడు. బరి మధ్యలో ముగ్గురూ ఒకరినొకరు చూసుకుని, కూత ఆపకుండానే కళ్ళతో పోట్లాడుకున్నారు. ఎదుటి జట్టు ఒక్క క్షణం బెదిరి, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వింది.

"ఒక్కరికి మించి గీత దాటితే కూత చెల్లదు. పాయింటు వాళ్ళది," అంది కొంగ.

ముగ్గురూ తిరిగి జంబులింగం వైపు చూశారు. అతను ఒక మబ్బుతునకను శ్రద్ధగా పరిశీలిస్తున్నాడు.

వంతులవారీగా వెళ్ళమని కేసరయ్య బతిమాలాడు. చెంగన్న వెళ్ళాడు. ఎదుటి బరిలో ఏడుగురూ నిక్షేపంగా ఉన్నారు. అన్నేళ్ళ ఆటలో నిండుబరిని అతను ఎప్పుడూ చూడలేదు. అలవాటు ప్రకారం గెంతాడు గానీ దిగడానికి చోటు లేక తిన్నగా ఒక దున్నపోతు ఒళ్ళో దిగాడు.

పాపయ్య మాత్రం బాగా ఆడాడు. అబద్ధమెందుకు, ఆ మలుపులు చూస్తే నాకే కళ్ళు తిరిగాయి. వెళ్ళినప్పుడల్లా ఎవరో ఒకరిని ముట్టి వచ్చాడు, అవుటైన చెంగన్నను మళ్ళీ బరిలోకి తెచ్చాడు. మునెయ్యా ఫరవాలేదు. ఆ ఇద్దరి పుణ్యమా అని మన జట్టు ఎదుటి జట్టుతో సమానంగా నడిచింది. సమానంగానే ఎందుకు నడిచిందంటే, ఇటు సంపాదించినదంతా అటునుంచి వచ్చే పంది పట్టుకుపోతోంది.

ఆ పంది పేరు వరాలయ్య. ముసలివాడు. ఉన్నది ఒక్క కోర. అతను కబడ్డీ కబడ్డీ అంటుంటే గురక పెడుతున్నట్టు ఉండేది. పాత రోజుల్లో అయితే కాటమ్మ చేతికి దొరికి గీత ముఖం కూడా చూసేవాడు కాదు. ఇప్పుడు అతను వచ్చిన ప్రతిసారీ ముగ్గురు కూతగాళ్ళూ వెనక గీత దాకా జరిగి చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఆట ముగియబోయే ముందు కాటమ్మ ఒకసారి నడుం అందుకుంది. ఎండుగడ్డి తిన్న ఒంట్లో సత్తువ ఏది? మోకాళ్ళు మడతపడి కూలబడింది. వరాలయ్య జారిపోయాడు. కాటమ్మ అవుటై దూడ పక్కన కూర్చుంది.

చివరి కూత వచ్చేసరికి రెండు జట్లూ సమానం. కూత వరాలయ్యది. అతన్ని పడితే మడుగు మనది.

వరాలయ్య వచ్చాడు. కేసరయ్య మేనల్లుణ్ణి ముట్టాడు. బావమరిదినీ ముట్టాడు, అతనికి మెలకువ కూడా రాలేదు. తిరిగి పోబోతుంటే ఓబులమ్మ దూకి వెనక్కాలు పట్టింది. పట్టు అంటే పట్టే. కానీ ఆవిడ ఎంత, పంది ఎంత? వరాలయ్య ఆవిడను ఈడ్చుకుంటూ గీతవైపు కదిలాడు. మట్టిలో చాలు పడుతోంది.

"రండి అన్నా!" అని అరిచింది ఓబులమ్మ. "నడుం పట్టండి! ఒక్కరు పట్టినా చాలు!"

"పట్టండయ్యా, మీకు దణ్ణం పెడతాను!" అని బయటనుంచి కాటమ్మ అరిచింది. దూడ బెదిరి లేచి నిలబడింది.

ముగ్గురు కూతగాళ్ళూ రెండడుగుల దూరంలో ఉన్నారు. చెంగన్న గిట్ట కదిలింది. కదిలిందని నేను ఒట్టేసి చెప్పగలను.

"ఒప్పందంలో లేదు కదా," అన్నాడు మునెయ్య.

"ఇప్పుడు పట్టామంటే వచ్చే ఏడూ పట్టమంటారు," అన్నాడు పాపయ్య.

చెంగన్న గిట్ట ఆగింది. వరాలయ్య ముట్టె గీతకు తగిలింది.

ఓబులమ్మ అప్పటికీ వదల్లేదు. ఆట అయిపోయిందని కొంగ వచ్చి ఆవిడ చెవిలో చెప్పవలసి వచ్చింది.

మర్నాడే విచారణ జరిగింది. విచారించింది జంబులింగం, మేనల్లుడు, బావమరిది. ముగ్గురు కూతగాళ్ళూ ఒప్పందాన్ని అక్షరం పొల్లుపోకుండా పాటించారని మెచ్చుకున్నారు. నడుం పట్టవలసిన చోట కాలు పట్టినందుకు ఓబులమ్మనూ, కూర్చుని అరిచినందుకు కాటమ్మనూ జట్టులోంచి తీసేశారు.

అయితే ఒప్పందంలో మొదటి గుక్క ఒకటి ఉంది కదా. మడుగు పోయింది గానీ గుక్క పోలేదు. ముగ్గురికీ రోజూ నీళ్ళు తెచ్చి ఇవ్వవలసిన పూచీ కమిటీదే అయింది. కోతులు ఆ పని మాది కాదన్నాయి. అందువల్ల ఆ వేసవిలో తెల్లారేసరికి మెడకు సొరకాయబుర్ర కట్టుకుని కొండెక్కుతున్న మృగరాజును చూసే భాగ్యం అందరికీ కలిగింది. వెనకే జంబులింగం, అతని వెనక సగం నిద్రలో బావమరిది.

కాటమ్మ కూడా దూడను తీసుకుని కొండవైపు బయల్దేరింది. సగం ఎక్కకముందే దూడ కూలబడింది. నాకితే లేచింది, రెండడుగులు వేసి మళ్ళీ పడింది. కాటమ్మ అక్కడే నిలబడి కాసేపు ఏడ్చింది. తర్వాత దూడను వెంటబెట్టుకుని కిందికి దిగి, ఓబులమ్మను వీపు మీద ఎక్కించుకుని, నేరుగా నల్లమడుగు గట్టుకు నడిచింది.

పక్క అడవి పెద్ద ఏనుగమ్మ నీళ్ళలోంచి తల ఎత్తింది. "ఈ ఏడు మీకు ఇక్కడ నీళ్ళు లేవు కదమ్మా?"

"నీళ్ళడగను రాలేదు తల్లీ. పని అడగను వచ్చాను. నేను నడుం పడతాను. ఈమె కాలు పడుతుంది."

పక్కనే బురదలో పడుకున్న వరాలయ్య ఓబులమ్మను చూసి గబుక్కున వెనక్కాలు దాచుకున్నాడు. "తీసుకోమ్మా, ముందు ఆమెను తీసుకో," అన్నాడు. "కాలు ఇంకా సలుపుతోంది."

"ఏమివ్వాలి మీకు?" అంది ఏనుగమ్మ.

"కడుపునిండా మేత. దూడకు నీళ్ళు."

"ఇంకా?"

"ఇంకేముంటాయి తల్లీ?"

ఏనుగమ్మ పక్కకు జరిగి దారి ఇచ్చింది. దూడ నీళ్ళను ఒకసారి వాసన చూసి, దబ్బున దూకి, మెడ దాకా మునిగి, ముక్కులోకి నీళ్ళు పోయి తుమ్మింది. కాటమ్మ నవ్వింది. చాలా రోజుల తర్వాత నవ్వింది.

ఈ సంగతి తెలిసి మన కమిటీ అత్యవసరంగా సమావేశమైంది.

"ఇప్పుడేం చేద్దాం జంబులింగం?" అన్నాడు కేసరయ్య, మెడ మీద సొరకాయతాడు ఒరిసిన చోట తడుముకుంటూ.

"మనల్ని ఓడించిందెవరు దొరా? పంది. ఆ పందినే తెచ్చేసుకుంటే సరి!"

సభ చప్పట్లతో మారుమోగింది. పందిని ఇస్తారా అని ఏనుగమ్మకు కబురు పెడితే, "ఎప్పుడు పంపమంటారు?" అని అడిగింది. ముసలి వరాలయ్యను నొప్పించకుండా ఎలా సాగనంపాలా అని ఆవిడ అప్పటికే ఆలోచిస్తోంది.

వరాలయ్యను మేళతాళాలతో ఊరేగించి తెచ్చారు. మద్దిచెట్టు నీడ మొత్తం రాసిచ్చారు. ఆయన నీడలో నడుం వాల్చి, ఆవులించి, "మరి ఇక్కడ పట్టేదెవరు?" అని అడిగాడు.

"పట్టడమా?" అని కేసరయ్య గర్వంగా జూలు విదిల్చాడు. "మాకిప్పుడు నలుగురు కూతగాళ్ళున్నారు!"

వరాలయ్య హాయిగా కళ్ళు మూసుకున్నాడు.

దీన్నిబట్టి బుద్ధిమంతులు గ్రహించవలసింది ఏమిటంటే, గెంతేవాళ్ళను ఎంతమందినైనా తెచ్చుకోండి, పట్టేవాళ్ళ గురించి మాత్రం బెంగ పడకండి, వాళ్ళు ఎదుటి జట్టులో కడుపునిండా తిని క్షేమంగా ఉంటారు.