వెతికే ముందు ఒక అరుపు

పాత సాఫ్ట్‌వేర్‌ను మార్చకూడదు. అది మనిషికి క్రమశిక్షణ నేర్పుతుంది.

మా పత్రికాఫీసునే చూడండి. మేం పేజీలు పెట్టే ప్రోగ్రాం ఓపెన్ సోర్స్. అంటే ఉచితం. ఎవరైనా లోపల చూడవచ్చు, ఎవరైనా బాగుచేయవచ్చు. ఎవరైనా అంటే మా మరదలు. తన ఉద్యోగం చేసుకుని వచ్చాక, జీతం లేకుండా, ఆమె ఒక్కతే చూస్తుంది.

అందులో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ లైబ్రరీ అని ఒకటుంది. పుస్తకాలుండవు. తేదీలో ఫోన్ నంబర్లో, ఫలానా తీరులో ఉన్నవన్నీ ఏరిపెట్టమంటే ఏరిపెట్టే పనిముట్టు. రాసినాయన ఎప్పుడో వదిలేసి వెళ్లాడు. వాక్యం పొడుగైతే అది దారి తప్పుతుంది. వెనక్కి వచ్చి మళ్లీ మొదలుపెడుతుంది. ఈలోగా ఆఫీసులో తెరలన్నీ బిగుసుకుపోతాయి.

దీనివల్ల జరిగిన మేలు ఇంతా అంతా కాదు! వెతికే ముందు ప్రూఫ్ రీడర్ కుర్చీలోంచి లేచి, "వెతుకుతున్నానహో!" అని అరుస్తాడు. అందరం రాసింది సేవ్ చేసుకుని టీకి వెళ్తాం. పక్కపక్క బల్లల దగ్గర కూర్చుని పలకరించుకోని సబ్ ఎడిటర్లిద్దరు ఆ టీల దగ్గరే వియ్యంకులయ్యారు. ఏ కొత్త లైబ్రరీ ఇలాంటి సంబంధం కుదర్చగలదు?

మా వాక్యాలు పొట్టిగా ఉంటాయని పాఠకులు మెచ్చుకుంటారు. శైలి అనుకుంటారు. పొడుగు వాక్యం రాసినవాణ్ణి ఆఫీసంతా తిడుతుంది, అంతే.

ఇంతటి వ్యవస్థను మా మరదలు మార్చబోయింది. కొత్త లైబ్రరీ బిగించి ఫోన్ చేసింది.

"బావగారూ, ఒక్క వారం మీ పేజీలు దీనిమీద నడిపి చూడండి. ఎక్కడ తేడా కొడితే అక్కడ చెప్పండి, చాలు. వాడేవాళ్లెవరూ చూడకుండా అందరి మీదకీ ఎలా వదలను?"

ఎడిటర్‌కి చెప్పాను. "నడుస్తున్న బండిని కెలకడం దేనికయ్యా?" అన్నారు. అప్పుడు మేం టీ దగ్గరే ఉన్నాం.

ఇదే ప్రోగ్రాం వాడే మిగతా ఆఫీసులనూ ఆమె అడిగింది. అన్నిచోట్ల నుంచీ బొటనవేలి బొమ్మలు వచ్చాయి. ఊరంతా చుట్టాలే, ఉట్టి కట్టే తావు లేదు!

మళ్లీ ఫోన్ చేసింది.

"ఎవరైనా చూశారా?"

"అందరూ మెచ్చుకుంటున్నారమ్మా."

"ఆ మెచ్చుకోలు నేనేం చేసుకోను? మీ ప్రూఫ్ రీడర్ గొంతు పోయిందని కూడా మీ ఆఫీసువాళ్లు నన్నే తిడుతూ రాశారు. అక్క మొహం చూసి ఊరుకున్నా. ఇక నా వల్ల కాదు బావగారూ. పాతదీ కొత్తదీ అక్కడే ఉన్నాయి. ఎవరైనా తీసుకోండి."

ఇన్నాళ్ల ఆమె సేవకు కృతజ్ఞతగా ఈ వ్యాసంలో ఒక పొడుగు వాక్యం రాశాను. ప్రూఫ్ రీడర్ అరిచాడు. సేవ్ చేసుకుని లేచాం. టీ అయింది. ఇంకో టీ అయింది. తెర కదలలేదు. అలవాటుగా మరదలి నంబరు నొక్కబోయి ఆగాను.

"ఎవరైనా చూడండయ్యా!" అన్నారు ఎడిటర్.

అందరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.